గూడ్స్ గార్డు చెప్పే అడవి ప్రయాణాల పద్ధతి

కాజీపేట డీజిల్ కాలనీ దగ్గర మా ఇంటికి వచ్చే పిల్లలు ముందు ఒకటే అడుగుతారు: “ఎన్ని దేశాలు తిరిగిన్రు సార్?” ముప్పై ఒకటి అంటాను. రెండో ప్రశ్న వెంటనే వస్తుంది: “మరి పైసలెక్కడియి?” మూడో ప్రశ్న ఎవరూ అడగరు. అక్కడికి పోయి ఏం చేశారు అని. నిజానికి చెప్పాల్సింది అదే, అందుకే ఇది రాస్తున్నా.

నేను రైల్వేలో 1980లో చేరి 2017లో దిగాను. ఎక్కువ కాలం గూడ్స్ గార్డుని. 2022 జనవరి నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. నేను ముందే రిటైరైపోయా కాబట్టి గార్డుగానే మిగిలిపోయాను. గూడ్స్ గార్డు పని తెలియనివాళ్లకు ఒక్క మాట. బండికి చిట్టచివర బ్రేక్ వ్యానులో ఒక్కడే కూర్చుంటాడు. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే బొగ్గు బండిని లూప్ లైన్‌లో, అంటే స్టేషన్‌లో దారి ఇవ్వడానికి ఉండే పక్క పట్టాల మీద పెడతారు. ఒకటి పోతుంది, రెండోది పోతుంది, మూడోది లేటు. పొత్కపల్లి లూప్‌లో తొమ్మిది గంటలు నిలబడిన రోజు నాకు గుర్తుంది. ఫోన్ లేని కాలం. పక్కన జొన్న చేను, చేను మీద పాలపిట్ట. తొమ్మిది గంటలు చూస్తే పాలపిట్ట ఏ కొమ్మ మీంచి లేచి ఏ కొమ్మకు వస్తుందో ముందే చెప్పొచ్చు. అడవి ప్రయాణానికి నాకున్న అర్హత అదొక్కటే.

ముందు తాడ్వాయి, తర్వాత టాంజానియా

విదేశీ అడవికి టికెట్ కొనే ముందు మన అడవిలో మూడు రాత్రులు గడపండి. ములుగు దాటి ఏటూరునాగారం రోడ్డు మీద తాడ్వాయిలో ఉండటానికి హట్లు ఉన్నాయి. పాకాల చెరువు నర్సంపేట అవతలే. గణపతిదేవుడి కాలంలో కట్టించిన చెరువు, చుట్టూ అడవి. బొగత జలపాతం దగ్గరికి వానాకాలం ఆదివారం మాత్రం పోకండి, మనుషుల తలకాయలు తప్ప ఏమీ కనిపించవు.

అక్కడ చేయాల్సింది ఫోటోలు తీయడం కాదు. అటవీ శాఖ వాళ్లు పోనిచ్చే చోటే, ఊరి మనిషి ఒకరిని వెంట పెట్టుకుని, ఒక చెట్టు కింద మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. మొదటి అరగంట దోమలు. తర్వాత కాళ్లు తిమ్మిరి. గంటన్నర అయ్యేసరికి విసుగు వచ్చి, వచ్చినట్టే పోతుంది. ఆ తర్వాతే అడవి మిమ్మల్ని మరచిపోయి తన పని తాను చేసుకుంటుంది. ఈ మూడు గంటలు మీ వల్ల కాకపోతే ఆఫ్రికా మీకు వద్దు. దుబాయ్ పోండి, మాల్స్ బాగుంటాయి. ఎగతాళి చేయడం లేదు, మా బావమరిది అట్లాగే చేశాడు, సుఖంగా ఉన్నాడు.

తాడ్వాయి దగ్గర ఒక కోయ పెద్దాయన నాకు నేర్పిన సంగతి ప్రపంచమంతా పనికొచ్చింది. ఇప్పపూలు రాలే కాలంలో, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, తెల్లవారుజామున ఎలుగుబంటి కూడా పూల కోసమే వస్తుంది. దానికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. గాలి మన వైపు నుంచి దాని వైపు వీస్తే మనం ఉన్నట్టు దానికి తెలుస్తుంది, తప్పుకుంటుంది. గాలి ఎదురుగా వస్తుంటే దానికి మన వాసన అందదు, దగ్గరికి పోయేదాకా మనకూ తెలియదు. అప్పుడే ప్రమాదం. అందుకే ఆయన పొదల దగ్గర గొంతు పెంచి మాట్లాడుతూ నడిచేవాడు. చూడాలనుకుంటే గాలికి ఎదురు కూర్చో, నడవాలనుకుంటే చప్పుడు చేస్తూ నడువు అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత కెన్యాలో ఒక గైడు ఇదే మాట చెబితే నాకు తాడ్వాయి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో ఆయనకు అర్థం కాలేదు.

కాగితాలు

దీని మీద ఎక్కువ రాయను. పాస్‌పోర్టుకు ఒకప్పుడు సికింద్రాబాద్ తిరిగేవాళ్లం, ఇప్పుడు వరంగల్‌లోనే అయిపోతుంది. ముప్పై ఆరు పేజీల పుస్తకం 1,500 రూపాయలు, అరవై పేజీలది 2,000. తిరిగే ఉద్దేశం ఉంటే అరవై పేజీలదే తీసుకోండి. పదో తరగతి మెమో తప్పకుండా పెట్టండి. లేకపోతే ఈసీఆర్ ముద్ర, అంటే పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర పడుతుంది, గల్ఫ్ వైపు పనికి పోయేటప్పుడు అడ్డం పడుతుంది. ప్రభుత్వ ఉద్యోగులైతే దేశం దాటే సెలవుకు విడిగా మంజూరు తెచ్చుకోవాలి. మామూలు సెలవు పెట్టి ఎగిరిపోతామంటే తర్వాత సంజాయిషీలు రాసుకుంటూ కూర్చోవాలి. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. వీసా నిబంధనలు నెలనెలా మారతాయి కాబట్టి నా మాట కాదు, ఆ దేశపు అధికారిక సైట్ మాటే నమ్మండి. నేపాల్‌కు మాత్రం మనకు వీసా గొడవ లేదు. ఓటరు కార్డు చాలు, విమానంలో పోయినా సరే. నా మొదటి విదేశం అదే, 1986లో. గోరఖ్‌పూర్ దాకా రైల్వే పాసు, అక్కణ్నుంచి బస్సులో సొనౌలి సరిహద్దు. ఖర్చంతా కలిపి నెల జీతం కాలేదు.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కెన్యా లాంటి దేశానికి పోవాలంటే కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎంలో, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పసుపు రంగు పుస్తకం ఇస్తారు. ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోవడం.

లూప్ లైన్ రోజు

ఈ రాతలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ప్రయాణం ఎన్ని రోజులైనా, ప్రతి నాలుగు రోజులకు ఒక రోజు ఖాళీగా వదలాలి. ఆ రోజు బస్సు ఎక్కరు, గుట్ట ఎక్కరు, ఏ టికెట్టూ కొనరు. నేను దాన్ని లూప్ లైన్ రోజు అంటాను. వెనక నుంచి ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. వాన, విరేచనాలు, బస్సు వాళ్ల సమ్మె, జ్వరం. అది పోవడానికి దారి ఇవ్వాలి. లూప్ లేని సెక్షన్‌లో ఒక బండి ఆగితే అన్నీ ఆగుతాయి.

నేను దీన్ని తప్పి నేర్చుకున్నా. 2009లో టాంజానియాలోని కిలిమంజారో కొండకు పోయాను. నైరోబీలో దిగి నమంగా సరిహద్దు మీదుగా బస్సులో అరుషా, అక్కణ్నుంచి మోషి. కొండ ఎత్తు 5,895 మీటర్లు. మన కాజీపేట స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది చూడండి, మూడొందల మీటర్లు కూడా ఉండదు. నేను ఎంచుకున్న దారి పేరు మరంగు. మొదటి రాత్రి 2,720 మీటర్ల దగ్గర, రెండో రాత్రి హొరోంబో గుడిసెలు 3,720 దగ్గర, మూడో రాత్రి కిబో 4,700 దాటి. ఆరు రోజుల ప్రయాణంలో హొరోంబోలో ఒక రోజు అదనంగా ఆగుతారు. ఐదు రోజుల ప్రయాణంలో ఆగరు. అక్కడ పార్కు రుసుము రోజుల లెక్కన కట్టాలి. నేను లెక్క వేసి ఒక రోజు మిగిల్చా. ఇరవై తొమ్మిదేళ్లు లూప్‌లో నిలబడ్డ మనిషిని, డబ్బులు కట్టాల్సి వచ్చేసరికి నిలబడనన్నా.

ఎత్తు పెరిగే కొద్దీ ఒంటికి అలవాటు పడే టైం ఇవ్వాలి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు అయిదొందల మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని డాక్టర్లు చెబుతారు. నేను రోజుకు వెయ్యి మీటర్లు పెంచా. దారిలో గైడు “పోలే పోలే” అంటూనే ఉన్నాడు. స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని. మా అమ్మ అయితే పైలం బిడ్డా అనేది. మూడో రోజు కిబోకి చేరేసరికి తలనొప్పి. అన్నం సయించలేదు. అర్ధరాత్రి పైకి బయలుదేరదీస్తారు, చీకట్లో తల మీద లైటుతో. కాళ్ల కింద జారిపోయే కంకర, గాలి చలి. రెండు గంటలు ఎక్కాను. రెండుసార్లు వాంతి. గైడు ఆపి, మడమకు బొటనవేలు ఆనించి సరళరేఖలో పది అడుగులు వేయమన్నాడు. మూడో అడుగుకే పక్కకు తూలాను. తాగినవాడిని పోలీసులు నడిపించినట్టు.

“దిగుదాం” అన్నాడు.

నాకు రోషం వచ్చింది. ఇంత ఖర్చు, ఇంత దూరం. అప్పుడు ఆయన నా గార్డు ఉద్యోగం గురించి ముందు రోజు విన్న మాటే నాకు తిప్పి చెప్పాడు. డ్రైవరు పోదామన్నా గార్డు బ్రేక్ వేస్తే బండి ఆగాల్సిందే కదా అని. ఈ కొండ మీద గార్డుని నేను అన్నాడు. దిగాం. హొరోంబోకి వచ్చేసరికి తలనొప్పి సగం పోయింది, సాయంత్రానికి పప్పు చారు అడిగాను. ఎత్తు జబ్బుకు అసలు మందు కిందికి దిగడమే. మాత్రలు ఉన్నాయి, డాక్టరును అడిగి తీసుకెళ్లండి. కానీ నడక తూలిందంటే మాత్రలతో పైకి పోయే ఆలోచన వద్దు, రాత్రయినా దిగాలి.

పైదాకా పోలేదని కొందరు జాలి పడతారు. నేను ఆ ఒక రోజు రుసుము మిగిల్చినందుకే ఇప్పటికీ సిగ్గుపడతా, దిగినందుకు కాదు.

పెట్టె

గార్డు డ్యూటీకి లైన్ బాక్సు ఉండేది. అందులో ఏముండాలో రూలు ప్రకారమే: చేతి దీపం, ఎర్ర పచ్చ జెండాలు, పట్టాల మీద పెట్టి చప్పుడుతో బండిని హెచ్చరించే డిటోనేటర్లు, విజిల్, ఫస్ట్ ఎయిడ్, వర్కింగ్ టైమ్‌టేబుల్. ప్రతి వస్తువుకు ఒక చోటు. చీకట్లో చేయి పెడితే దీపమే తగలాలి, జెండా కాదు. నా ప్రయాణపు బ్యాగు కూడా అంతే. టార్చి ఎడమ జేబు, ఓఆర్‌ఎస్ పొడి కుడి జేబు, విజిల్ మెడలో. విజిల్ విషయంలో పిల్లలు నవ్వుతారు. దారి తప్పితే అరిచే గొంతు పావుగంటకే పోతుంది, విజిల్ పోదు.

బట్టలు మూడు జతలకు మించితే మోయలేరు. చెప్పులు కొత్తవి వేసుకుని పోకండి, ఇంట్లో నెల రోజులు తొక్కి అరగదీసినవి తీసుకెళ్లండి.

తిండి దగ్గర మనవాళ్లు పొరపాట్లు చేస్తారు. నేను సకినాలు, అటుకులు, పల్లీల పొడి తీసుకెళ్తా. పచ్చి వస్తువులు, తడి తొక్కు వద్దు, బ్యాగులో పగిలితే నూనె పాస్‌పోర్టు దాకా పాకుతుంది. అది నాకు జరిగింది. న్యూజిలాండ్ లాంటి చోట తినే వస్తువు ఏదున్నా కాగితం మీద రాసి చూపించాలి, దాస్తే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. చూపిస్తే చాలాసార్లు వదిలేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, గసగసాలు. దుబాయ్, అబుదాబి వైపు గసగసాలు నిషేధం. మత్తు పదార్థాల కింద లెక్క. ఇంట్లో దంచిన మసాలా పొడిలో కూడా గసాలు ఉంటాయి కదా. అత్తగారు ప్రేమగా కట్టిచ్చిన డబ్బా వల్ల జైలు చూడొద్దు.

అమెరికా డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే అడిగి తీసుకోండి. తూర్పు ఆఫ్రికాలో 2006కు ముందు అచ్చైన నోట్లు చాలాచోట్ల ముట్టుకోరు, మడత పడ్డవీ చిరిగినవీ అంతే.

సమోవర్ బండి

అడవి అంటే చెట్లే కాదు. సైబీరియా రైల్లోంచి చూసిన అడవి నాకు అన్నిటికంటే పెద్దది. మాస్కో నుంచి వ్లాదివొస్తోక్ 9,289 కిలోమీటర్లు. నేను ఇర్కుట్స్క్ దాకా పోయా, 2014లో. మూడో తరగతి పెట్టెలో యాభై నాలుగు బెర్తులు, తలుపులు లేవు, అచ్చం మన స్లీపర్. ప్రతి పెట్టె చివర వేడినీళ్ల సమోవర్, ఎప్పుడూ మరుగుతూనే ఉంటుంది, నీళ్లు ఉచితం. అటుకుల మీద పోసుకుంటే భోజనం అయిపోయినట్టే. పెట్టె బాధ్యతంతా ఒక ఆవిడది, ప్రొవొద్నిత్సా అంటారు. నేనూ రైల్వేనే అని సైగలతో చెప్పి, ఫోన్‌లో నా యూనిఫాం ఫోటో చూపిస్తే అప్పటినుంచి టీ గ్లాసు పైసలు తీసుకోలేదు.

అక్కడికి పోయేవాళ్లు తెలుసుకోవాల్సింది, ఆగే స్టేషన్లు, ఎన్ని నిమిషాలు ఆగుతుందో పెట్టెలోనే కాగితం అంటించి ఉంటుంది. రెండు నిమిషాలన్న చోట దిగొద్దు. నేను పోయినప్పుడు అన్ని టైమ్‌టేబుళ్లూ మాస్కో టైంలోనే ఉండేవి. బయట సూర్యుడు నడినెత్తిన, స్టేషన్ గడియారంలో పొద్దున్నే. 2018 ఆగస్టు నుంచి స్థానిక టైం పెట్టారు. పెద్ద స్టేషన్లలో సుత్తితో చక్రాలు కొట్టి చప్పుడు వింటూ ఒకాయన బండి పొడవునా నడిచేవాడు. పగిలిన చక్రం చప్పుడు వేరు. మన దగ్గర నేను చేరిన కొత్తలో విన్న చప్పుడది. దిగి ప్లాట్‌ఫాం మీద నిలబడి, కళ్లు మూసుకుని విన్నా.

బైకాల్ సరస్సు లోతు 1,642 మీటర్లు. ప్రపంచంలో నేల మీద ఉన్న గడ్డకట్టని మంచినీళ్లలో ఐదో వంతు అక్కడే. ఒడ్డున కూర్చుని చూస్తే నాకు పాకాల కంటే అందంగా ఏమీ అనిపించలేదు, నిజం చెప్పాలి. చేత్తో నీళ్లు తాగినప్పుడు మాత్రం పళ్లు జివ్వుమన్నాయి.

మర్రి కింద

2018లో బోర్నియో. మలేషియా వైపు సబా, కినబతాంగన్ నది. ఒరాంగుటాన్ చూడాలని. మా ఆవిడ అన్నది: “గా కోతుల్ని సూసెటందుకు గంతదూరం పోవాల్నా? మేడారం పోతే లెవ్వా?” సమాధానం లేదు.

పద్ధతి ఇది. జంతువు వెంట పడొద్దు, పండు ఎక్కడుందో అడగండి. మర్రి, జువ్వి, మేడి జాతి చెట్లు ఎక్కడ కాస్తే అక్కడికి అన్నీ వస్తాయి. మన ఊరి మర్రి మీద గోరింకలు చేరినట్టే. ఊరి గైడుకు ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో తెలుసు. ఆయన ఒక మర్రి లాంటి చెట్టు చూపించి కూర్చోమన్నాడు. నాతో వచ్చిన ముగ్గురు గంటకు లేచి పడవ దగ్గరికి పోయారు. నాలుగో గంటలో పైనుంచి పండు తొక్కలు నా టోపీ మీద పడ్డాయి. తల్లి, పిల్ల. అంతకు ముందు నుంచీ అక్కడే ఉన్నాయేమో కూడా.

ఆ అడవిలో జలగలు ఆకుల మీద నిలబడి ఊగుతుంటాయి. మోకాలి దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు అక్కడే అమ్ముతారు, కొనండి. పట్టుకుంటే ఉప్పు పోయకండి, అగ్గిపుల్ల పెట్టకండి. గోరుతో నోటి దగ్గర చర్మం మీంచి తోస్తే వదిలేస్తుంది. తర్వాత చాలాసేపు రక్తం కారుతుంది, గడ్డకట్టనీయని పదార్థం వదులుతుంది కాబట్టి. కంగారు పడొద్దు, కడిగి కట్టు కట్టండి.

మంగోలియాలో పశువుల కాపరుల గుండ్రటి గుడారాల్లోకి పోయేటప్పుడు గడప తొక్కకూడదు. మనకు వేరే చెప్పక్కర్లేదు. పులియబెట్టిన గుర్రం పాలు గిన్నెలో ఇస్తే కుడిచేత్తో తీసుకుని కనీసం పెదవికి ఆనించాలి. పొద్దెక్కిన తాటికల్లు తాగినవాడికి ఆ పులుపు కొత్తేం కాదు.

మనవాళ్లు

గల్ఫ్ దేశాల్లో దారి తెలియకపోతే కంపెనీ ఆఫీసులు వెతకొద్దు, చేతిలో టిఫిన్ క్యారియర్ ఉన్న మనిషిని వెతకండి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, ఏదో ఒకటి తగులుతుంది. మస్కట్ రూవీలో ఒక పిల్లగాడు నా మాట విని, “కాకా, ఏ ఊరు మనది?” అన్నాడు. ఎడారి చూడాలన్నా. జూన్ నుంచి ఆగస్టు దాకా పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదని అక్కడ చట్టమే ఉంది, మీరు సరదాకు తిరుగుతారా అని తిట్టాడు. చలికాలం రమ్మన్నాడు. చలికాలమే పోయా, వహీబా ఇసుక దిబ్బలకు. రెండు బండ్లు లేకుండా ఇసుకలోకి పోవద్దు, టైర్లలో గాలి తగ్గించాకే దిగాలి, నీళ్లు మీరనుకున్న దానికి రెండింతలు. ఇవన్నీ అతను చెప్పినవే. ఆ రాత్రి వాళ్ల గదిలో పడుకున్నా, పన్నెండు మంచాలు. మక్క గట్క చేసి పెట్టారు. ఆ గదిలో నాలుగేళ్లుగా ఇంటికి రాని మనిషి ఒకడు నా ఫోటోలు చూస్తూ, “టికెట్ పైసలతోని గిన్ని దేశాలు తిరిగినవా కాకా” అన్నాడు. కోపం లేదు, ఊరికే అన్నాడు. నేను ఫోన్ లోపల పెట్టేశా.

ఎల్.వి. బోర్డు

బండి చివర ఎల్.వి. అని బోర్డు ఉంటుంది, చివరి పెట్టె అని గుర్తు. బండి స్టేషన్ దాటుతున్నప్పుడు అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చిందని, మధ్యలో తెగి ఏ పెట్టే వెనక పడిపోలేదని లెక్క. అది చూడకుండా వెనక సెక్షన్ ఖాళీ అని చెప్పరు.

మీరు ఎక్కడున్నా సాయంత్రం ఒక నిర్ణయించిన టైముకు ఇంటికి ఒక్క మాట పంపండి. నేను “ఎల్.వి.” అని రెండక్షరాలే పంపుతా. అంటే మనిషి మొత్తంగా చేరాడు అని. సిగ్నల్ ఉండని చోటికి పోతుంటే ముందే చెప్పాలి, ఎన్ని రోజులు రాదో, మళ్లీ ఏ రోజు ఎన్ని గంటలకు వస్తుందో. ఆ గంట దాటి పన్నెండు గంటలైనా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి పోవాలి. గైడు నంబరు, బస చేసే చోటు నంబరు, మన దేశపు ఎంబసీ నంబరు.

మా ఆవిడ వీటన్నిటికీ ఒక నోటు పుస్తకం పెట్టింది, స్టేషన్ రిజిస్టర్ లాగే గీతలు గీసి. తేదీ, రావాల్సిన టైము, వచ్చిన టైము, ఆలస్యానికి కారణం. కిలిమంజారో పేజీలో ఒక వరస ఉంది. ఆలస్యం 19 గంటలు అని ఎర్ర పెన్నుతో రాసింది. కారణం దగ్గర ఖాళీ. వాన పడి సిగ్నల్ లేదని చెప్పా అప్పుడు. ఇది చదివితే నింపుతుంది.